తాళం ఎవరి చేతిలో ఉంది?

చిరంజీవి చిన్నాకి,

అమ్మ దీవెనలు. ఈ ఉత్తరం రాసే పూటకి మేమిద్దరం, అంటే అమ్మమ్మా నేనూ, బాగానే ఉన్నాం. మీ ఓడ ఏ రేవులో ఆగినా నువ్వూ అలాగే ఉండాలి.

నీ ఉత్తరం అందింది. వాంతులు తగ్గాయన్నావు, సంతోషం. ఇంజను గదిలో మీ పెద్ద మేస్త్రీ ఊరికే కసురుతున్నాడని రాశావు. కసరనీ. కసిరే మనిషి కనీసం నీ పని చూస్తున్నట్టు లెక్క. వంటింటి కుళాయి బాగు చేయించావా అని అడిగావు. లేదు. దాని కింద గిన్నె పెట్టాను, ఇప్పటికి అదే మరమ్మతు.

"పోయిన ఉత్తరం నిండా విసుగే ఉందమ్మా, ఆఫీసులో నీ చిక్కుముడి వీడిందా?" అని కూడా అడిగావు. మొదట్నుంచీ చెప్తాను. నాకు మాత్రం చెప్పుకోవడానికి ఎవరున్నారు? అమ్మమ్మకి చెబితే "ఆ డబ్బాని ఓసారి ఆపి మళ్ళీ వెయ్యవే" అంటుంది.

మా కంపెనీ ఆసుపత్రులకి ఒక యంత్రం అమ్ముతుందని నీకు తెలుసు. వార్డులో ప్రతి మంచం దగ్గరా ఉండే చిన్న పరికరం నాడినీ ఊపిరినీ కొలుస్తుంది. ఆ అంకెలన్నీ మా యంత్రం ద్వారా నర్సు బల్ల మీదున్న పెద్ద తెరకి చేరతాయి. ఏ అంకె పడిపోయినా గంట మోగేది ఆ బల్ల దగ్గరే. పక్కవాళ్ళ నిద్ర చెడుతుందని మంచం దగ్గర మోత పెట్టరు. ఆ యంత్రంలో అన్నిటికంటే అడుగున ఉండి, మిగతా ప్రోగ్రాములకి పని పంచే కెర్నెల్ నా బాధ్యత.

ఒక ఆసుపత్రి నుంచి ఫిర్యాదు వచ్చింది. తెర అప్పుడప్పుడు కాసేపు బిగుసుకుపోతుందట, మళ్ళీ ఏమీ ఎరగనట్టు కదులుతుందట. నాకు అనుమానం తాళాల మీద. కెర్నెల్లో ఒకే సమాచారాన్ని ఇద్దరు ఒకేసారి ముట్టుకుంటే పాడవుతుంది. అందుకని ముందొచ్చిన ప్రోగ్రాము తాళం వేసుకుని పని చూసుకుంటుంది, మిగతావి బయట నిలబడతాయి. మామూలుగా అది రెప్పపాటు కూడా పట్టదు. ఎవరో తాళం పట్టుకుని వదలడం లేదు. ఎవరన్నదే తేలదు.

"ఎవరు వేశారో ఎవరు తీశారో రాసిపెట్టుకుంటే సరిపోదా?" అంటావు. నేనూ మొదట అదే చేశాను నాయనా. ఆ తాళాలు సెకనుకి లక్షల సార్లు పడుతూ తెరుచుకుంటూ ఉంటాయి. అన్నీ రాయబోతే యంత్రానికి రాతపనే సరిపోయింది. పైగా దాని నడక మారేసరికి ఆ బిగుసుకోవడం కాస్తా మాయమైంది. దొంగని పట్టడానికి వీధంతా దివిటీలు వెలిగిస్తే దొంగెందుకొస్తాడు?

చాలా రోజులు జుట్టు పీక్కున్నాక ఒకటి తట్టింది. తాళం ఖాళీగా దొరికినప్పుడు రాయనక్కర్లేదు. ఎవరైనా బయట నిలబడాల్సి వస్తేనే, అదీ నిలబడ్డ సేపు హద్దు మీరితేనే రాయాలి: ఎవరు ఆగారు, ఎవరి వల్ల ఆగారు. అదైనా ఒక పట్టాన కుదిరిందా! ఆ రాతలన్నీ ఒకేచోట పడేలా పెట్టాను. ఆ చోటుని కాపాడటానికి మళ్ళీ ఒక తాళం కావాల్సొచ్చింది! తాళాల తగువు తీర్చబోయి నేనే కొత్త తాళం దగ్గర తోపులాట పెట్టానన్నమాట. చివరికి యంత్రంలో పనులు నడిపే ప్రతి ప్రాసెసర్‌కీ దాని పలక దానికే ఇచ్చాను. ఎవరి పలక మీద వాళ్ళు రాసుకుంటారు, ఎవరికోసం ఎవరూ ఆగరు. అది పెట్టినా తీసినా యంత్రం వేగంలో తేడా కనిపించలేదు.

ఏం లాభం? ఆఫీసులో ఉన్న యంత్రం ఎంత వేపుకు తిన్నా బిగుసుకోదు. నా రాత ప్రోగ్రాముని ఆసుపత్రిలో పెట్టనివ్వమని మా మేనేజరుని అడిగాను. నేను గ్రాఫులాయన అంటుంటానే, ఆయన్ని.

"రోగులున్న చోట ప్రయోగాలేంటి మేడమ్? మీది పెట్టాక యంత్రం ఆగితే?"

"ఆగదు బాబూ. చూపించాను కదా."

"ఈ గ్రాఫు చూడండి. తెర వేగం సగటు ఎంత బాగుందో!"

"మూడు పూటలు పస్తుంచి, నాలుగో పూట నాలుగు పూటల తిండీ కుక్కినా సగటున కడుపు నిండినట్టే."

ఆయన నవ్వాడు గానీ ఒప్పుకోలేదు. ఆయన భయం తప్పని నేననను. కానీ ఎప్పుడడిగినా అదే గ్రాఫు, అదే నవ్వు. ఇంటికొచ్చి గిన్నెల మీద నా కసి తీర్చుకునేదాన్ని.

ఇక దాచి లాభం లేదు. చిన్నా, కూర్చుని చదువు. అమ్మమ్మకి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. మనకి దగ్గర్లో ఉన్నది ఫిర్యాదు చేసిన ఆ ఆసుపత్రే, అక్కడే చేర్చాను. నీకు పోయిన ఉత్తరం ఆ వార్డు వరండాలో కూర్చునే రాశాను. "వాడు నడిసముద్రంలో ఉన్నాడు, చెప్తే ఈదుకుంటూ వస్తాడా?" అని అమ్మమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది.

ఒక మధ్యాహ్నం ఆవిడ నిద్రపోతోంది. పక్కన కూర్చుని పండు ఒలుస్తున్నాను. తలెత్తి చూస్తే పెదాలు నల్లబడి ఉన్నాయి. మంచం దగ్గరి పరికరంలో ఊపిరి అంకె దిగిపోతోంది. గంట మోగలేదు. బల్ల దగ్గరికి పరుగెత్తాను.

"సిస్టర్, మా అమ్మని చూడండి!"

ఆమె తెర వంక చూసింది. "బాగానే ఉన్నారమ్మా. ఇదిగో, అంకె చూడండి."

"అది పాత అంకె! తెర ఆగిపోయింది! లేవండి!"

నా మొహంలో ఏం చూసిందో ఏమో, లేచి పరుగెత్తింది. ప్రాణవాయువు గొట్టం ముక్కు నుంచి జారి దిండు కిందికి పోయింది. దాన్ని సర్ది, అమ్మమ్మని లేపి కూర్చోబెట్టి వీపు నిమిరింది. ఆవిడ మొహానికి రంగు తిరిగొచ్చాక, అప్పుడు మోగింది చిన్నా ఆ గంట. తీరిగ్గా.

అక్కడి నుంచే మేనేజరుకి ఫోను చేశాను. "మీరు వెంటనే రండి. గ్రాఫు తేవద్దు" అన్నాను. పాపం, వచ్చాడు. అమ్మమ్మ ఆయన్ని ఎగాదిగా చూసి, "నువ్వేనా ఆ అబ్బాయివి? నీ మూలంగా మా ఇంట్లో గిన్నెలన్నీ సొట్టలు పోయాయి" అంది. ఆయన నవ్వలేదు. నన్ను నేరుగా పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, తనే మాట్లాడి ఒప్పించాడు. మంచాల మధ్య తిరుగుతూ చూడటానికి అదనంగా ఒక నర్సుని నిలబెట్టాక, నా రాత ప్రోగ్రాము పెట్టాను.

సాయంత్రమయ్యే లోపలే దొరికింది. తాళం పట్టుకున్నది ఎవరనుకున్నావు? ఆయన గ్రాఫుల ప్రోగ్రాము! యంత్రం కులాసాగా ఉందో లేదో చూడటానికి ఆయన ఆసుపత్రుల్లోనే పెట్టించింది, ఆఫీసు యంత్రంలో లేదు. అది ప్రతి ప్రోగ్రాము ఎంత మెమొరీ వాడుతోందో చదవడానికి తాళం వేసుకుంటుంది. అంత తొందరలేని పని కాబట్టి, మధ్యలో తొందర పనులు వస్తే కెర్నెల్ దాన్ని పక్కన పెడుతుంది. అదేమో తాళంచెవి జేబులో ఉండగానే కునుకు తీస్తుంది. తెరనీ గంటనీ నడిపే ప్రోగ్రాము బయట పడిగాపులు కాస్తుంది.

"మేడమ్, ఇది నేను పెట్టించిందే" అన్నాడు.

"అవును బాబూ."

గెలిచినట్టు ఉంటుందనుకున్నాను, ఉండలేదు. "అమ్మమ్మ కులాసా" అని నీకు వరండాలో కూర్చుని రాసిన మాట గుర్తొచ్చింది. అది కూడా పాత అంకే కదరా. ఇకమీదట ఆవిడ ఎన్ని ఒట్లు వేయించుకున్నా నీకు ఉన్నది ఉన్నట్టే రాస్తాను. ఇప్పుడు ఇంటికొచ్చేసింది. గోడ పట్టుకోకుండా నడుస్తోంది, నన్ను తిడుతోంది.

గ్రాఫుల ప్రోగ్రాము ఆపాక ఆ వార్డులో తెర మళ్ళీ ఆగలేదు. కానీ అదే ప్రోగ్రాము మిగతా ఆసుపత్రులన్నిటిలోనూ ఉంది. పైవాళ్ళేమో "తర్వాతి మార్పులతో కలిపి పంపుదాం, ఇప్పుడే గోల ఎందుకు" అన్నారు. నేను అరిచాను. మేనేజరు మాత్రం నోరు విప్పలేదు. ఒళ్ళు మండిపోయింది. తీరా మీటింగు అయ్యాక నా బల్ల దగ్గరికి కుర్చీ లాక్కుని, ఒక్కొక్క ఆసుపత్రికీ, నాకూ వినపడేలా స్పీకరు పెట్టి, తనే ఫోను చెయ్యడం మొదలుపెట్టాడు. "ముందు అది ఆపెయ్యండి. ఎవరన్నారంటే నా పేరు చెప్పండి" అంటూ.

ఒకచోట హెడ్ నర్సు ఫోనెత్తింది. ఆయన చెప్పిందంతా వింది.

"గంట మోగినా లేవలేదని మా దగ్గర ఒకమ్మాయిని ఉద్యోగంలోంచి తీసేశామండీ" అంది. "తెర ఆగిపోయింది, గంట మోగనే లేదని ఆ పిల్ల నెత్తీనోరూ కొట్టుకుని చెప్పింది. మేమెవరమూ నమ్మలేదు."

మేనేజరు కలం అందుకున్నాడు.

"ఆ అమ్మాయి ఎక్కడుంటుందో చెప్తారా?" అన్నాడు.

రేపు ఆయనా నేనూ ఆ పిల్ల ఇంటికి వెళ్తున్నాం. ఏమని మొదలుపెట్టాలో ఇద్దరికీ తెలియదు. అమ్మమ్మ సంగతి దాచినందుకు నా మీద కోపమొస్తే నాలుగు పేజీల నిండా తిట్టి పంపు, చదువుకుంటాను.

ఇట్లు,
నీకు తిట్లు బాకీపడ్డ
మీ అమ్మ