మిషన్ మీద అరచెయ్యి

అమ్మా,

ముందే చెబుతున్నాను, ఇది ముద్దుగా రాసే ఉత్తరం కాదు. అయినా నీకు కాక ఇంకెవరికి రాస్తాను?

నువ్వు పంపిన, తమ్ముణ్ణి మాటరానివాళ్ల హోమ్‌లో చేర్చే కాగితం అందింది. నేను సంతకం పెట్టను. పండక్కి వాడు నీ దగ్గరికొచ్చినప్పుడు మీ ప్రార్థనమందిరం పెద్దాయన సంఘంలో చేర్చుకోడానికి వాడి చేత ప్రమాణం పలికించబోయాడట. వాడి నోరు పెగల్లేదట. "మాటే రానివాడికి దేవుడేం తెలుస్తాడమ్మా" అని పేరు రాసుకోకుండా పంపేశాడట. ఇరవై ఏళ్లొచ్చినా వాడికి మాట రాలేదు, సరే. చెవులున్నాయి కదా? ఆ మాట వాడి ముందే అన్నాడు. నువ్వు తలూపావు.

తల బాదుకుంటాడనే కదా నీ భయం? ఆరేళ్లుగా రోజూ నాతోపాటు లాండ్రీలోనే ఉంటున్నాడు. తిరుగుతున్న పెద్ద మిషన్ మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని సన్నగా మూలుగుతాడు. ఆ మోత వాడి బుర్ర తినేస్తోందని వెంటనే మిషన్ ఆపేస్తాను. అయినా గోడకేసి బాదుకుంటాడు. ఆలస్యంగా ఆపుతున్నానేమో. ఇకమీదట ఇంకా ముందే ఆపుతాను. వాణ్ణి మాత్రం ఎక్కడికీ పంపను.

నీ పెద్దోడు

*

అమ్మా,

మొన్న నిన్ను తిట్టాను. ఇవాళ నా వంతు.

ఏడాదిగా వాడు టీచరమ్మ దగ్గర అక్షరాల పలక మీద వేలు పెట్టి మాటలు కూర్చడం నేర్చుకుంటున్నాడు కదా. ఇన్నాళ్లూ 'నీళ్లు', 'చాలు' దాటలేదు. నిన్న పలక బల్ల మీద పెట్టి, ఎందుకు బాదుకుంటావురా అని అడిగాను. ఎవరూ చెయ్యి పట్టుకోలేదు. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టడానికి అరగంట పట్టింది.

"అది ప్రార్థన. నువ్వు ఆపేస్తావు."

ఆరేళ్లమ్మా. రోజుకు రెండుమూడుసార్లు. మీ పెద్దాయన గుమ్మంలో ఒక్కసారే ఆపాడు. నేను రోజూ ఆపాను, అదీ జాలిపడి. నువ్వు కళ్లు మూసుకుని దేవుడితో మాట్లాడుతుంటే ఎవడైనా రోజూ వచ్చి నీ నోరు నొక్కితే ఊరుకుంటావా? వాడు పాపం తన తలే బాదుకున్నాడు.

కాగితం చింపేశాను. ఇవాళ మిషన్ ఆపలేదు. ఓనరు కేకలేస్తున్నా ఖాళీ మిషన్నే ఇంకో దఫా తిప్పాను. చివరికి వాడే చెయ్యి తీసి, నెమ్మదిగా కింద కూర్చున్నాడు. వాడి ప్రార్థన ఎలా ముగుస్తుందో చూడటం నాకిదే మొదటిసారి.

నా గురించి కూడా దేవుడికి చెప్పావా అని పలక ముందు పెట్టాను.

"ఇంకా లేదు. నీ మీద కోపం."

నీ పెద్దోడు