ఆ మార్కు నాకొద్దు

తెక్లా అక్కా,

నిన్న నేను పెట్టిన మౌఖిక పరీక్షలో ఒర్నెల్లా అనే అమ్మాయి, మా ఊరి ఏట్లో క్వారీ బురద ఎలా కలుస్తోందో బెదురు లేకుండా వివరించింది. మన యూనివర్సిటీ పరీక్షలకు ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు కదా! వెనక బెంచీలో క్వారీ యజమాని సవేరియో కూర్చుని నన్నే చూస్తున్నాడు. ముప్ఫైకి ముప్ఫై ఇవ్వాల్సిన పిల్లకి, అతనికి భయపడి, "పద్దెనిమిది" అన్నాను. అత్తెసరు పాసు.

"ఆ మార్కు నాకొద్దు మేడమ్. వచ్చే నెల మళ్లీ వస్తా, మళ్లీ ఇదే చెప్తా," అంది. నచ్చని మార్కు వద్దని మళ్లీ వచ్చే హక్కు విద్యార్థులకుందిగా.

సవేరియో నవ్వుతూ లేచాడు. "అయితే నేనూ వస్తా, ప్రొఫెసరమ్మగారూ!"

ఆ పరీక్ష రోజు నువ్వు నేపుల్స్ నుంచి పొద్దున్నే రైలెక్కి వచ్చి, ముందు బెంచీలో కూర్చోవూ? నిన్ను చూస్తూ మార్కు చెప్తాను.

నీ చెల్లి