మా అమ్మాయి కారులో నా బ్రేకు

నరసరావుపేటలోని మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు గారి సముఖమునకు,

గురజాల కాపురస్తుడు, టిప్పరు డ్రైవరుగా పనిచేసి వయసు మీద పడి మానుకొన్న బత్తుల చిన్నకోటయ్య భయభక్తులతో వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మా అమ్మాయి మంజుల కారు స్టీరింగుకు చేత్తో వేసే బ్రేకు, చేత్తో ఇచ్చే ఆక్సిలేటరు బిగించిన సంగతి ఆర్సీలో ఎక్కించుట గురించియు, అదే కారులో ఎడమ సీటు ముందున్న నా పెడలును తీయించకుండా ఉంచుట గురించియు.

ముందుగా తమకు వెయ్యి దండాలు. తమరిని మా జనం బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారంటారు. నేను పిడుగురాళ్ల క్వారీలలో టిప్పరు తోలినన్నాళ్ళు ఆ పేరు వింటేనే అరచేతులు చెమట పట్టేవి. తమ శాఖ జీపు కనబడితే తాగుతున్న టీ గ్లాసు బల్ల మీద పెట్టి అవతలికి నడిచిపోయినవాడిని. అటువంటి వాడిని నా అంతట నేనే తమకు కాగితం పెట్టుకొంటున్నానంటే ఎంత భయంలో ఉన్నానో, ఎంత ఆనందంలో ఉన్నానో తమరే అర్థం చేసుకోవాలి. రెండూ ఒక్కసారే పట్టుకొన్నవి. ఏది ముందు చెప్పాలో తెలియక నంబర్లు వేసి చెప్పుకొంటున్నాను.

1. మంజులకు పసితనములో పోలియో వచ్చి రెండు కాళ్ళూ పడిపోయినవి. కాళ్ళకు ఇనుప పట్టీల కాలిపర్లు వేసుకొని చంకకర్రల మీద నడుచును. చదువుకొని, పరీక్ష రాసి, గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటు ఉద్యోగం తెచ్చుకొన్నది. ఇన్నాళ్ళు గురజాలలోనే పని. ఇప్పుడు రెంటచింతల అవతల ఊరికి బదిలీ అయినది. బస్సు మెట్టు ఎక్కలేదు. ఆటో ఎక్కాలంటే ఎవరో ఒకరు రెక్క పట్టుకోవాలి. ఒకనాడు ఆటో అతను ఆమెను ఎక్కించి, కర్రలు రోడ్డు మీదనే మరచిపోయినాడు. సచివాలయం ముందు దిగడానికి కర్రలు లేక, ఆటోలోనే కూర్చుని నాకు ఫోను చేసినది.

"నాన్నా, ఇంక నేను ఎవరి రెక్కా పట్టుకోను. కారు కొంటా."

"కాళ్లు లేకుండా కారేందమ్మా?" అన్నాను.

పక్కనుంచి నా భార్య సుబ్బరత్నం విని, "నీకు రెండు కాళ్లున్నయ్‌గా, నువ్వెన్ని కార్లు కొన్నావ్?" అన్నది.

2. గేర్లు లేని పాత కారు ఒకటి కొని సత్తెనపల్లిలో సైదా మేస్త్రి షెడ్డులో పెట్టినాము. అతని పని తమరు చూసినదే, అయినను రికార్డు కొరకు మనవి చేయుచున్నాను. స్టీరింగు చక్రం మీద అంతకంటె చిన్న రింగు ఒకటి ఉన్నది, బొటనవేలితో నొక్కితే ఆక్సిలేటరు. చక్రానికి కుడిపక్కన కడ్డీ ఉన్నది, ముందుకు తోస్తే కింద బ్రేకు తనంతట తానే దిగును. ఎడమవైపు గుండ్రటి పిడి, ఒంటి చేత్తో తిప్పుకొనేందుకు. ఆ పిడి పక్కనే హారను బొత్తాం, ఇండికేటరు బొత్తాం.

మొదటిసారి మంజుల ఆ రింగు నొక్కితే కారు షెడ్డులోంచి మెల్లగా బయటకు వచ్చినది. అయ్యా, ఎవరూ పట్టుకోకుండా, ఎవరూ మోయకుండా, కర్రలు కూడా లేకుండా నా బిడ్డ తనంతట తాను కదలడం నేను కళ్ళతో చూడడం అదే మొదలు. సైదా మేస్త్రిని కావలించుకొని ఏడ్చినాను. అతని చొక్కా గ్రీజంతా నా చొక్కాకు అంటుకొన్నది. ఆ చొక్కాను ఈరోజుకూ సుబ్బరత్నం చేతికి ఇవ్వలేదు, ఉతికేస్తుందని.

3. ఆనందం అట్లా ఉండగానే భయం మొదలైనది. రోడ్డు తెలియనివాడికి అంత భయం ఉండదు. నాకు తెలుసు. రాళ్ళ లోడుతో పల్లంలోకి దిగే టిప్పరు ఎందుకు ఆగదో నాకు తెలుసు, దానిని తోలినది నేనే గనుక. ఎల్‌ఎల్‌ఆర్ మీద నేర్చుకొనేవారి పక్కన లైసెన్సు ఉన్న మనిషి ఉండాలి గనుక నేను ఎడమ సీటులో కూర్చునేవాడిని. నా కుడికాలు ఊరుకోలేదు. లేని బ్రేకును తొక్కి తొక్కి కింద మ్యాటుకు చిల్లి పడినది. డ్రైవింగు స్కూలు కార్లలో మాదిరి నాకూ ఒక పెడలు పెట్టించమ్మా అని అడిగినాను. మంజుల మేస్త్రితో పక్కకు పోయి ఏదో మాట్లాడి వచ్చి, "సరే నాన్నా" అన్నది. పెడలు బిగించినారు. గట్టిది. రబ్బరు తొడుగు కూడా ఉన్నది.

ఆ పెడలుతో నేను ఎన్ని ప్రాణాలు కాపాడినానో! కొండమోడు సెంటరులో అడ్డం వచ్చిన లారీ. నడికుడి దగ్గర రోడ్డు నిండా గొర్రెల మంద. కోటప్పకొండలో బండికి పూజ చేయించి ఘాటు రోడ్డు దిగుతుంటే ప్రతి మలుపులోను తొక్కినాను. కిందికి వచ్చేటప్పటికి పిక్క పట్టేసినది. ఊళ్ళో టీ కొట్టు కాడ కనబడిన వాళ్ళందరికీ చెప్పినాను, "స్టీరింగు మా అమ్మాయిదిరా, బ్రేకు నాది" అని.

4. తమరు తనిఖీ చేసిన రోజు. రింగు నొక్కి చూసినారు, కడ్డీ తోసి చూసినారు, "పని శుభ్రంగా ఉంది" అన్నారు. ఆ మాటకు నేను తమ కాళ్ళకు మొక్కబోతే తమరు వెనక్కి జరిగినారు. తర్వాత ఎడమ తలుపు తీసి, వంగి, టార్చి వేసినారు.

"ఇదేంటి పెద్దాయనా?"

"నా బ్రేకు సార్" అన్నాను, కొంచెం గర్వంగానే.

తమరు చెయ్యి పెట్టి తీగ వెంబడి పోయినారు. "ఇది ఎక్కడికీ పోవట్లేదే. సీటు కింద చుట్ట చుట్టి పెట్టారు. దేనికీ తగిలించలేదు."

తమరు తమాషా చేస్తున్నారని నవ్వినాను. మా వెంట వచ్చిన సైదా మేస్త్రి వంక చూస్తే అతడు ఆకాశం వంక చూస్తున్నాడు. మంజుల వంక చూస్తే స్టీరింగు పిడి మీద లేని దుమ్ము తుడుస్తున్నది.

"మరి కొండమోడులో ఆపిందెవరు?" అని అడిగినాను. ఎవరిని అడిగినానో నాకే తెలియదు.

తమరు కాగితం మీద "ఎడమవైపు అనుమతి లేని పెడలు కలదు, తొలగించి మరల చూపవలెను" అని రాసి ఇచ్చినారు. అందులో తమ తప్పు ఏమియు లేదు.

5. తిరుగు దారిలో పిడుగురాళ్ల దాటినాక మంజులను అడిగినాను.

"ఏమే, కన్నతండ్రికి ఉత్తుత్తి బ్రేకు పెట్టిస్తావా?"

"నువ్వు తొక్కినప్పుడల్లా ఆగితే ఈ బండి మన వీధి దాటేదా నాన్నా?"

"మరి పెట్టించడం దేనికి?"

"నీ కాలు ఊరుకోదుగా. దానికీ ఏదో ఒక పని ఉండాల."

"ఆ మాట నాకు చెప్పొచ్చుగా!"

"చెబితే ఎక్కేవాడివా?"

వెనక సీటులో సుబ్బరత్నం పమిట నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుతున్నది. ఆమెకూ తెలుసు. నా ఒక్కడికే తెలియదు.

మంజుల అన్నది, "చిన్నప్పుడు టిప్పర్లో నన్ను ఒళ్లో కూచోబెట్టుకొని స్టీరింగు నా చేతికిచ్చేవాడివి, గుర్తుందా? 'నువ్వే తోలుతున్నావే బంగారం' అనేవాడివి. బండి నేనే తోలానని క్వారీలో అందరికీ చెప్పుకున్నా. కింద పట్టుకుంది నువ్వేగా?"

"అది వేరు. చిన్నపిల్లవి, భయపడకుండా ఉంటావని."

"నేనూ అందుకే పెట్టించా" అన్నది. రోడ్డు మీద నుంచి కళ్ళు తిప్పలేదు.

అయ్యా, ఆనాటి నుంచి నా భయం రెట్టింపు అయినది. సగం బండి నా కాలి కింద ఉన్నదని ఇన్నాళ్ళు ధైర్యంగా కూర్చున్నాను. లేదు. మొత్తం బండి ఆ పిల్ల రెండు చేతులలోనే ఉన్నది. ఆ లారీని చూసి ఆపినది తనే. గొర్రెలకు ఆపినది తనే. ఘాటు రోడ్డు దింపినది తనే. అది తలుచుకొంటే వీధిలోకి పోయి కేకలు పెట్టాలనిపిస్తుంది. ఆ వెంటనే భయం పట్టుకొని, పోయి కారు టైర్లలో గాలి చూసి వస్తాను.

6. పెడలు తీయడానికి సైదా మేస్త్రి స్పానరు పట్టుకొని ఇంటికి వచ్చినాడు. నేను సీటులో నుంచి దిగలేదు.

"దిగు కోటయ్య మామా, నాలుగు నట్లు విప్పాల."

"అది దేనికీ తగిలించలేదుగా, దానివల్ల నీకేంది నష్టం?"

"నాకేం నష్టం లేదు. బండి పాసుకాదు."

ఆ పూట సుబ్బరత్నం అన్నం కంచం కారులోకే తెచ్చి ఇచ్చినది. "ఆ పెడలు నీకు జీవనాధారమా?" అని అడిగినది. మంజుల గడపలో కూర్చుని కాలిపరు బెల్టులు సరిచేసుకొంటున్నది, మరునాడు ఆటోలో పోవడానికి. ఎల్‌ఎల్‌ఆర్ గడువు ఈ నెలాఖరుకు అయిపోవును. ఈలోగా కారు పాసుకాకపోతే నా బిడ్డ మళ్ళీ ఎవరి రెక్కో పట్టుకోవాలి. ఆ భయం ఒకటి. పాసయితే నేను పక్కన లేకుండా ఆ టిప్పర్ల మధ్యకు పోవును. ఆ భయం ఒకటి.

7. కావున తమరిని కోరుకొనునది:

(అ) స్టీరింగు మీద బిగించిన సామాను ఆర్సీలో ఎక్కించి, పరీక్ష పెట్టి, మంజులకు లైసెన్సు ఇప్పించవలెను.

(ఆ) ఏ తీగకూ తగలని పెడలు పెడలు కాదు గనుక, దానిని ముసలివాడు కాలు పెట్టుకొనే పీటగా భావించి కారులో ఉండనియ్యవలెను.

(ఇ) (ఆ)కు రూలు ఒప్పుకోకపోతే తమ కోపం నా మీద చూపవలెను గాని లైసెన్సు మీద చూపవద్దు.

ఇంతకుమించి పెద్దలకు చెప్పగలవాడను కాను, దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
బత్తుల చిన్నకోటయ్య
(ప్రస్తుతం ఎడమ సీటు)

తా.క.: ఈ అర్జీ తమకు అందజేయుటకు ఈ ఉదయం మంజుల కారులోనే బయలుదేరినాము. కొండమోడు దాటినాక రాళ్ళ టిప్పరు ఒకటి ముందరి బస్సును దాటబోయి మా మీదికే వచ్చినది. నేను కళ్ళు మూసుకొన్నాను. తెరిచేటప్పటికి కారు రోడ్డు దిగి మట్టిలో ఆగి ఉన్నది. ఇండికేటరు వేసే ఉన్నది. మంజుల అద్దం దించి ఆ టిప్పరు వాడిని తిడుతున్నది, నేను ఆ వయసులో తిట్టిన తిట్లే. ఎక్కడ నేర్చుకున్నావని అడగలేదు. వాడు పోయినాక నా వంక తిరిగి, "నాన్నా, నీ కాళ్లేయి?" అన్నది. చూసుకొంటే రెండు కాళ్ళూ పైకి లాక్కుని సీటు మీద మఠం వేసుకొని కూర్చున్నాను. పెడలు మీద కాలే లేదు.

అందుచేత పై (ఆ) కోరికను రద్దు చేసుకొంటున్నాను. కొట్టివేస్తే కాగితం పాడవుతుందని అట్లాగే ఉంచినాను. తమ ఆఫీసు ఎదుట స్పానరు అడిగి తీసుకొని నట్లు నేనే విప్పినాను. పెడలును రబ్బరు తొడుగుతో సహా పాత పేపరులో చుట్టి దీనితో జతపరిచినాను. లైసెన్సు వచ్చిన మరునాటి నుంచి మంజుల ఒక్కతే పోవును. నేను వీధి చివర దాకా నడిచి నిలబడి చూస్తాను, కారు మలుపు తిరిగేదాకా.

పెడలు తమ బీరువాలోనే ఉంచండయ్యా. నేను వచ్చి బతిమాలినా ఇవ్వవద్దు.