ఆరో అంతస్తు నడక

భవనాలకు పరంజా కట్టే ముఠాకు ముప్పై ఏళ్లు మేస్త్రీగా ఉండి, ఇనుప మేస్త్రీ అని పేరుబడ్డ నేను, ఎవరి ఒత్తిడీ లేకుండా, ఆసుపత్రి మంచం మీద నుంచి రాయిస్తున్న వీలునామా ఇది. నా బుద్ధి సరిగానే ఉందని డాక్టరు రాసిచ్చారు. ధైర్యం సంగతి ఆయన రాయలేదు, నేనూ అడగలేదు. రేపు పొద్దున నా గుండెకు ఆపరేషన్.

1. నా రెండు గదుల ఇల్లు, అందులోని సామానుతో సహా, నా భార్యకు సర్వహక్కులతో చెందవలెను. ఈ వీలునామా అమలు జరిపే భారమూ ఆమెదే. పదకొండేళ్లుగా ఆమె నాకు వడ్డించి, పక్క గదిలోకి వెళ్లి తింటోంది. కారణం మూడో అంశంలో ఉంది.

2. నా పొడుగు నిచ్చెన బావమరిదికి. అరువు తీసుకెళ్లి రెండు మెట్లు విరగ్గొట్టి, ముందే అలా ఉందని నన్నే దబాయించాడు. ఆ విరిగిన మెట్లతో సహా అతనే అనుభవించవలెను.

3. నడుముకు కట్టుకునే తోలు బెల్టు, దాని తాడు, కొక్కెం నా కొడుక్కి. అవి వాడివే. పదకొండేళ్లుగా నూనె రాసి దాచాను. ఇక్కడ రాతగాణ్ణి కాస్త ఆగమన్నాను.

మా ముఠాలో ఒక పద్ధతి ఉంది. కొత్త అంతస్తుకు పరంజా కట్టగానే, దాని మీద మొదట మేస్త్రీ ఒక్కడే, బెల్టు లేకుండా, ఈ చివర నుంచి ఆ చివరకు నడవాలి. ఆ తర్వాతే మిగతావాళ్లు అడుగు పెడతారు. పదకొండేళ్ల కిందట ఒక రోజు ఆరో అంతస్తులో సగం నడిచాక నా మోకాళ్లు బిగుసుకుపోయాయి. పలక మీద చతికిలబడ్డాను. మా ముఠాలోనే పనిచేసే నా కొడుకు బెల్టు తగిలించుకుని వచ్చి, చెయ్యి చాపి, మెల్లగా అన్నాడు: "నాన్నా, కిందికి చూడకు. నా చెయ్యి పట్టుకో." పట్టుకున్నాను. అలాగే పలక చివరిదాకా వచ్చి, మెట్లు దిగాను. కింద ముఠా మొత్తం మెడలెత్తి చూస్తోంది. నేల మీదికి రాగానే వాడి చెంప ఛెళ్లుమనిపించి, వీడు నా వెనకే వచ్చి, భయపడి బిగుసుకుపోతే దించుకొచ్చానని అందరికీ చెప్పాను. అంత కింద నుంచి చూసినవాళ్లు నమ్మారు.

వాడు నన్నొకసారి చూసి, బెల్టు విప్పి నా కాళ్ల దగ్గర పెట్టి వెళ్లిపోయాడు. పిరికివాడన్న పేరు పడ్డాక ఏ ముఠా వాణ్ణి చేర్చుకోలేదు. ఇప్పుడు ఇనుప సామాన్ల కొట్టులో మేకులు తూస్తున్నాడు. వెళ్లి నిజం ఒప్పుకోమని నా భార్య ఎంతో బతిమాలింది. ఒప్పుకుంటే ముఠాలో నా మాట ఎవడు వింటాడని భయం. పని మానేసి నాలుగేళ్లయింది. ముఠా పోయినా ఆ భయం పోలేదు.

భయపడింది నేను. దించింది వాడు. ముఠాలో బతికున్న ప్రతివాడికీ ఈ అంశం చదివి వినిపించవలెను.

4. వీలునామా నా తదనంతరమే తెరవాలని రాతగాడు అంటున్నాడు. వద్దు. ఈ సాయంత్రమే నా భార్య దీన్ని మేకుల కొట్టుకు తీసుకెళ్లాలి. రేపు నన్ను స్ట్రెచర్ మీద ఆ పొడుగాటి వరండా వెంట తోసుకెళ్తారు. ఆపరేషన్ గది తలుపుదాకా పట్టుకోవడానికి ఒక చెయ్యి కావాలి. నాకు చాలా భయంగా ఉంది. ఈ మాట నేను ఇంతకు ముందు ఎవరితోనూ అనలేదు.

ఆస్తి పొందేవాడు సాక్షిగా సంతకం చేయకూడదట. వాడు సంతకం చేయనక్కర్లేదు. వస్తే చాలు.

తేదీ: ఆపరేషన్‌కు ముందురోజు, మధ్యాహ్నం.

సంతకం: ఇనుప మేస్త్రీ (వంకర పోయింది. దిద్దవద్దన్నాను.)

సాక్షులు: వార్డు నర్సు, పక్క మంచం మీది దర్జీ.