దగ్గు తర్వాతి చరణం

మార్చి 4, మంగళవారం

శుక్రవారం అక్కకు గొంతు ఆపరేషన్. స్వరపేటిక తీసేస్తారు. ఆ తర్వాత మాట ఉండదు. ఒరే, ఈలోపు నా పాట ఒక్కసారి వినిపించరా అంది. తను రికార్డు చేసింది ఒకే ఒక్క పాట. ఇంట్లో ఉన్న రికార్డును ముప్పై ఏళ్ల కిందట వేదికెక్కి విరగ్గొట్టింది నేనే. మా ప్రార్థన సంఘమంతా చప్పట్లు కొట్టింది.

మార్చి 5, ఉదయం 10

పాటల వీధి. చంకలో గ్రంథం. ఎన్ని ప్రసంగాల్లో ఈ వీధిని నరకానికి అడ్డదారి అన్నానో! తీరా చూస్తే సగం స్టూడియోలు సెల్‌ఫోన్ షాపులు. మిగిలిన వాటి మెట్ల మీద పని లేని వయొలిన్ వాళ్లు. అయ్యగారూ, మమ్మల్ని తిట్టడానికైనా ఒకరొచ్చారు, కూర్చోండి అన్నాడొకడు. కూర్చోలేదు. కాలు నిలవడం లేదు.

మధ్యాహ్నం 2

నాలుగు రికార్డు షాపులు. లేదు.

సాయంత్రం 5

అక్క పాడిన స్టూడియో ఇంకా ఉంది. నా మొదటి ప్రసంగం క్యాసెట్టు చేసిందీ ఇక్కడే. ముసలి రికార్డిస్టు నన్ను ఇట్టే పోల్చుకున్నాడు. అక్క టేపు అడిగితే నవ్వాడు. కొత్త రీలు వద్దు, ఏదో ఒక పాపిష్టి పాట తుడిచి దాని మీదే నా వాక్యం ఎక్కించు అని తమరేగా ఎగిరిపడ్డారు? చేతికందిన రీలు పెట్టాను. మీ అక్క పాట అందులోనే ఉండేది. ఎవరి పాటని అడిగారా అన్నాడు.

అడగలేదు.

గ్రంథం తెరిచాను. వాద్యాలతో స్తుతించమన్న చోటే తెరుచుకుంది. మూసేశాను.

మార్చి 6, ఉదయం

పొద్దున్నే రికార్డిస్టు ఫోన్. పరుగెత్తాను. ఆ రోజు నాకు గొంతు పట్టేసి ప్రసంగం ముందే ఆపానట. రీల్లో అక్క పాటే చివరిది, తోక మిగిలిందేమో చూద్దాం అన్నాడు. తిప్పాం. నా అరుపు. నా దగ్గు. టక్‌మని ఒక చప్పుడు. అక్క! ఒక్క చరణం. ఇరవై రెండేళ్ల అక్క.

దేవుడు నాకిచ్చిన వరాలన్నిటిలో ఆ దగ్గే గొప్పది. రీలంతా ఫోన్లోకి ఎక్కించుకున్నాను.

సాయంత్రం, ఆస్పత్రి

నా ప్రసంగం దాటించబోతే అక్క చెయ్యి పట్టుకుంది. మొత్తం వింది. నా సొంత అక్కదే సైతాను గొంతు అన్న మాట కూడా. నేను తలుపుకీ కిటికీకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. చరణం వచ్చాక కళ్లు మూసుకుని పెదాలు కదిపింది. చివర్లో శ్రుతి జారిందిరా అంది.

మార్చి 7

ఆపరేషన్ అయ్యాక అక్కకు మెలకువ వచ్చింది. సైగ చేసి పలక అడిగింది. రాసింది: మళ్ళీ పెట్టు. దగ్గు దగ్గర్నుంచి.