ఎడమవైపు పక్క నీలిమది

పాడేరు కొండల్లో ఒక ఆదివాసీ గూడెంలో పుట్టి, ప్రస్తుతం నాటింగ్‌హామ్‌లో కౌన్సిల్ ఫ్లాట్‌లో కాపురముంటున్న గెమ్మెలి సోమన్న అనే నేను, వచ్చే వారం గుండె ఆపరేషన్ ఉన్నందున, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. మనసు మాత్రం నిమ్మళంగా లేదు. దానికి చట్టం అడ్డు చెప్పదని సొలిసిటర్, అంటే ఇక్కడి వకీలు, అన్నాడు.

1. జైలు నుంచి వచ్చిన మగవాళ్ళ కోసం చర్చి హాల్లో మంగళవారం గుంపు నడిపే సదాశివం అంకుల్ దీన్ని అమలు జరపాలి. ఆయన అందరిచేతా మాట్లాడించి, తాను మాత్రం టీ కాస్తూ తప్పించుకుంటాడు. నా డోలు ఆయనకే. సాక్షి సంతకం కూడా తానే పెడతానని పట్టుబట్టాడు. సాక్షికి వీలునామాలో ఏదీ చెందదని, పెడితే డోలు దక్కదని తెలిశాక పెన్ను కింద పెట్టాడు.

2. పెద్ద వంట డేగిసా ఆ గుంపుకు చెందాలి. కారణం ఉంది. టేక్‌అవే హోటల్లో గొడవపడి ఒకణ్ణి కొట్టినందుకు రెండేళ్ళు లోపలున్నాను. మా గూడెంలో జైలుకెళ్ళొచ్చినవాడి మీద పెద్దలు పసుపునీళ్ళు చల్లి, పక్కన కూర్చోబెట్టుకుని ఒకే కుండలోది తింటేనే వాడు మళ్ళీ మనవాడు. అంతదాకా అరుగు మీదే పడక, పెళ్ళాం పక్కకు పోకూడదు. నాటింగ్‌హామ్‌లో పెద్దలెక్కడ, అరుగెక్కడ? సోఫా మీద పడుకున్నాను.

3. నా భార్య నీలిమది అనకాపల్లి. ఈ ఆచారం ఆమెకు తెలియదు. తానంటే అసహ్యమనుకుంది. చెప్పాలనే ఉండేది, కానీ ఆచారం వెనక భయం నక్కి ఉంది. లోపల బట్టలు విప్పించి వెతికిన చేతులు గుర్తొచ్చి, ఎవరు ముట్టుకున్నా ఒళ్ళు బిగుసుకుపోయేది. మగతనం పోయిందనుకున్నాను. జైలు నుంచి ఏదైనా రోగం తెచ్చి ఆమెకు అంటిస్తానేమోనని కూడా దిగులు. ఏడాది చూసి ఆమె లండన్‌లో స్టాన్‌మోర్‌లో ఉన్న తన అక్క దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ అక్కకు ఇందులో ఏమీ లేదు. ఎప్పుడు ఫోన్ చేసినా నీలిమ స్నానంలో ఉందంటుంది. ఏ మనిషీ అన్ని స్నానాలు చేయదు.

4. పసుపు మరకల చొక్కా ఎవరికీ ఇవ్వొద్దు, నాతోనే కాల్చండి. మా పేట డాక్టరు, జీపీ, పంపిస్తే సెక్సువల్ హెల్త్ క్లినిక్‌కు వెళ్ళాను. రోగమేదీ లేదని తేలింది. నా ఒళ్ళు ఇంకా కాపలా కాస్తోందనీ, తొందరపెట్టొద్దనీ డాక్టరమ్మ చెప్పింది. అదంతా గుంపులో చెబితే ఒక్కరూ నవ్వలేదు. మరుసటి మంగళవారం గుంపులోని జమైకా ఆయన ఆ డేగిసాలోనే కోడికూర వండాడు, సదాశివం అంకుల్ పెద్దరికం వహించి పసుపునీళ్ళు చల్లాడు, చల్లడమేమిటి, కుమ్మరించాడు. అందరం అందులోదే తిన్నాక ఒకరి నడుము ఒకరు పట్టుకుని మా గూడెం ఆట థింసా ఆడాం. నా నడుము మీద అటూ ఇటూ చేతులున్నా ఒళ్ళు బిగుసుకోలేదు. ఆ రోజు నుంచి మంచం మీదే పడుకుంటున్నాను, కుడివైపు.

5. మంచం, ఉన్ని దుప్పటి, వదిలేసి వెళ్ళిన కొబ్బరినూనె సీసా నీలిమకు. నూనె గడ్డకట్టినా పారేయలేదు. నీలిమా, నాకు నువ్వు కావాలి. నైట్ డ్యూటీ నుంచి వచ్చి చల్లటి పాదాలు నా పిక్కలకు ఆనించేదానివి, నేను విసుక్కునేవాణ్ణి. ఇప్పుడు ఆ చలే కావాలి.

6. పైవన్నీ నా తదనంతరం చెందుతాయి. ఫ్లాట్ రెండో తాళంచెవి మాత్రం అలా కాదు. సంతకాలు కాగానే సదాశివం అంకుల్ రైలెక్కి స్టాన్‌మోర్ వెళ్ళి, అక్క చేతికి కాకుండా నీలిమ చేతికే ఇవ్వాలి. నేనింకా బతికే ఉన్నానని చెప్పాలి. ఎడమవైపు దుప్పటి దులిపి ఉంచాను.

నాటింగ్‌హామ్, 2025 ఫిబ్రవరి 11, మంగళవారం.

(సంతకం) గెమ్మెలి సోమన్న

సాక్షులు:
రాజారావు, పై ఫ్లాట్
హైమ, ఎదురు ఫ్లాట్