సునీత ఎంచుకున్న చదువు

అక్కా,

నువ్వు వెళ్లిపోయి ఈరోజుకు తొమ్మిదేళ్లు. నీ కూతురు సునీతకు ఐర్లాండులో నర్సు ఉద్యోగం వచ్చింది.

బీఎస్సీ నర్సింగ్ అయ్యాక పెళ్లి చేశాను. భార్యాభర్తలిద్దరూ విదేశం వెళ్లాలనుకున్నారు. అక్కడ పనికొచ్చే పీజీ ఏదని కుప్పంలో సునీత మామగారి ఇంట్లో మాటలు జరిగాయి. "నర్సు పనికి యాడుంది మర్యాద? ఎంసీఏ సెయ్యమ్మా" అన్నాడాయన. నేనూ ఆయన మాటకే తల ఊపాను. నువ్వుంటే ఊపేదానివి కాదు.

సునీత నెమ్మదిగానే చెప్పింది. "కొత్త దేశంలో మనల్ని ఎరిగినోళ్లు ఎవురూ ఉండరు మామా. నాకు బాగా వచ్చిన పనే ఆడ అన్నం పెడతాది. ఎమ్మెస్సీ నర్సింగే సదువుతా."

బెంగళూరులో రెండేళ్లు చదివింది. తిరిగొచ్చాక మదనపల్లెలో నువ్వు ఆయాగా చేసిన ఆసుపత్రిలోనే, నర్సింగ్ చదివే పిల్లలకు పాఠం చెప్పింది. వరండాలో నిలబడి విన్నాను. సగం అర్థం కాలేదు, అయినా కదల్లేకపోయాను.

నిన్న వీసా వచ్చింది. ఆ మామే పుంగనూరు వచ్చి, మా వీధిలో కనబడిన ప్రతి ఒక్కరినీ ఆపి చెప్పాడు: "నా కోడలు ముందు పోతాండాది. మావోడు ఆయమ్మ వెనకాల పోతాడు."